బాత్రూమ్ గోడ నల్లబడితే బాధ్యత ఎవరిది? రాచ్‌డేల్ పసివాడి నుంచి టోలీచౌకీ కిరాయి ఇళ్ల దాకా

వానాకాలం వచ్చిందంటే మన కిరాయి ఇళ్లలో ఒక గొడవ మొదలవుతుంది. ముందు బాత్రూమ్ సీలింగ్ మూలలో చిన్న చిన్న నల్ల చుక్కలు కనపడతాయి. నెల తిరిగేసరికి అవి అరచేయంత మచ్చ అవుతాయి. సున్నం పెచ్చులు ఊడుతుంది, తలుపు తీస్తే ముక్క వాసన. మన ఇళ్లలో పెద్దవాళ్లు "సీలన్ ఆ గయా" అంటారు. కొందరు చెమ్మ అంటారు, కొందరు నెమ్ము అంటారు, డాక్టరు ఫంగస్ అంటాడు. పేరు ఏదైనా, ఓనర్‌కి ఫోన్ చేస్తే వచ్చే జవాబు మాత్రం ఒకటే: "మీరు నీళ్లు ఎక్కువ వాడుతున్నారు. కడిగేసి ఒక కోటు రంగు వేయించుకోండి."

మా ఇంట్లోనూ ఇదే జరిగింది. ఓనర్ సాబ్ చెడ్డ మనిషేం కాదు. ఈద్ రోజు షీర్ ఖుర్మా ఇచ్చిపుచ్చుకునే సంబంధం మాది. అయినా సీలింగ్ చూపించగానే, "ఇంట్లో ఆరుగురు, ఐదు పూటలా వుజూ, ఇంక గోడ ఎప్పుడు ఆరుతుంది?" అన్నారు. ఆయనా నమాజీయే! అమ్మీ సిగ్గుపడి ఇంకేం మాట్లాడలేదు. రెండుసార్లు మా డబ్బుతోనే రంగు వేయించాం. రెండుసార్లూ నాలుగు నెలల్లో నలుపు మళ్లీ వచ్చింది. మూడోసారి వచ్చిన ప్లంబర్ రంగు సంగతి పక్కనబెట్టి నేరుగా పై ఫ్లాట్‌కి వెళ్లాడు. అక్కడ బాత్రూమ్‌లో నీళ్లు పోయే నహానీ ట్రాప్ చుట్టూ ఖాళీ, అందులోంచి నీళ్లు మా స్లాబ్‌లోకి. వాష్ బేసిన్ దగ్గర చేసే వుజూ నీళ్లు ఎగిరి సీలింగ్‌కి ఎలా ఎక్కుతాయి అన్న ప్రశ్న రెండేళ్లపాటు మాలో ఎవరికీ తట్టలేదు.

ఇది మా ఇంటి సంగతి, చిన్నదే. కానీ గోడ సంగతి చూడకుండా ఇంట్లో ఉండేవాళ్ల అలవాట్లని తప్పుపట్టడం ఎంత దూరం తీసుకెళ్తుందో ఇంగ్లండ్‌లో ఒక ముస్లిం కుటుంబం చూసింది.

మాంచెస్టర్ దగ్గర రాచ్‌డేల్ అని ఒక ఊరు. అక్కడ ఫ్రీహోల్డ్ ఎస్టేట్‌లో సింగిల్ బెడ్రూమ్ ఫ్లాట్‌లో సూడాన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆ ఫ్లాట్ రాచ్‌డేల్ బరోవైడ్ హౌసింగ్ అనే సామాజిక గృహ సంస్థది. అంటే ప్రైవేటు ఓనర్ కాదు, తక్కువ కిరాయికి ఇళ్లిచ్చే సంస్థ. గోడల మీద ఫంగస్ ఉందని తండ్రి 2017లోనే చెప్పాడు. దాని మీద రంగు వేసుకోమన్నారు. తర్వాత కొడుకు పుట్టాడు, అవాబ్ ఇషాక్. 2020 జూలైలో పరీక్ష చేస్తే వంటింట్లో, బాత్రూమ్‌లో ఫంగస్ ఉందని, దానికి చికిత్స చేయాలని తేలింది. ఇంటికొచ్చి పిల్లల్ని చూసే హెల్త్ విజిటర్ కూడా సంస్థకి రాసింది. కుటుంబం అప్పటికే వకీలుని పెట్టుకుంది. వకీళ్ల మధ్య ఒప్పందం కుదిరేదాకా పని మొదలుపెట్టకూడదన్నది ఆ సంస్థ పద్ధతి, కాబట్టి పని ఆగిపోయింది. 2020 డిసెంబర్ 21న అవాబ్ చనిపోయాడు. రెండో పుట్టినరోజు అయ్యి ఎనిమిది రోజులే.

2022 నవంబర్ 15న కరోనర్ తీర్పు చెప్పారు. అనుమానాస్పద మరణాల కారణం తేల్చే న్యాయాధికారిని అక్కడ కరోనర్ అంటారు. ఇంట్లో ఫంగస్‌లో ఎక్కువకాలం ఉండటం వల్ల వచ్చిన తీవ్రమైన శ్వాస జబ్బుతో బాబు చనిపోయాడని, ఫంగస్‌ని తొలగించే, ఆపే చర్యలు తీసుకోలేదని ఆమె తేల్చారు. ఆ ఇంట్లో ఫంగస్ రావడానికి కారణం మామూలు రోజువారీ జీవనం, దానికి సరిపోయే గాలి రాకపోకలు లేకపోవడం అని కూడా చెప్పారు. ఈ మాటని ఇంకోసారి చదవండి. వండుకోవడం, స్నానం చేయడం, బట్టలు ఉతకడం తప్పులు కావు. మనుషులు ఉండటానికే ఇల్లు. మనుషులు ఉన్నందుకే పాడైపోతే ఆ ఇంట్లోనే లోపం ఉన్నట్టు.

ఆ విచారణలో బయటపడ్డ ఇంకో సంగతి మన పాఠకులకి మరీ దగ్గరగా తగులుతుంది. కుటుంబం జీవనశైలి, స్నానం అలవాట్లే చెమ్మకి కొంత కారణమని సంస్థ వైపువాళ్లు అనుకున్నారట. ఆ ఊహలు తప్పని సంస్థ తర్వాత ఒప్పుకుంది. సంస్థ అధిపతిని ఆ నెలలోనే తొలగించారు.

ఆ బాబు పేరుతోనే ఇప్పుడు అక్కడ చట్టం ఉంది. 2023 సోషల్ హౌసింగ్ చట్టంలో పెట్టిన 'అవాబ్ చట్టం' 2025 అక్టోబర్ 27 నుంచి ఇంగ్లండ్‌లోని సామాజిక గృహాలకి అమల్లోకి వచ్చింది. ప్రాణాపాయం లాంటి అత్యవసరమైతే 24 గంటల్లో వచ్చి చూసి ముప్పు తప్పించాలి. తీవ్రమైన చెమ్మ, ఫంగస్ అయితే 10 పనిదినాల్లో పరిశీలించాలి, అది పూర్తయిన 3 పనిదినాల్లో ఏం తేలిందో రాతపూర్వకంగా ఇవ్వాలి, 5 పనిదినాల్లో ఇంటిని ప్రమాదం లేకుండా చేయాలి. చేయలేకపోతే వేరే వసతి చూపించాలి.

చదువుకోవడానికి ఇంగ్లండ్ వెళ్లిన మన పిల్లలు చాలామంది ఉండేది ప్రైవేటు ఇళ్లలో, ఒక్కో ఇంట్లో ఐదారుగురు. ప్రైవేటు ఇళ్లకి కూడా ఈ గడువులని విస్తరించే దారి 2025 రెంటర్స్ రైట్స్ చట్టంలో పెట్టారు, దాని అమలు వేరే నిబంధనలతో వస్తుంది. అప్పటిదాకా వాళ్లకి ఏమీ లేదని కాదు. ఇల్లు మనిషి నివాసానికి తగినట్టు ఉండాలనే 2018 చట్టం ప్రైవేటు ఓనర్లకీ వర్తిస్తుంది, అందులో చెమ్మ కూడా లెక్కకొస్తుంది. స్థానిక కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకి 2007 నాటి 26వ నంబర్ చట్టం ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే ఇంటి మరమ్మతులు, వాడకానికి అడ్డొచ్చే లోపాలు సరిచేయడం ఓనర్ పని అని అందులో 16వ ఆర్టికల్ చెబుతుంది. ఆ "వేరేగా రాసుకోకపోతే" దగ్గరే చాలామంది దెబ్బతింటారు. సంతకానికి ముందు చదువుకోవాలి.

మరి ఇక్కడ, హైదరాబాద్‌లో?

మన దగ్గర కిరాయి ఇళ్లకి 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉందని అందరూ అంటారు. ఉంది. కానీ 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకి 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన ఇళ్లని దాని నుంచి తప్పించారు. టోలీచౌకీలో, మెహదీపట్నంలో, మలక్‌పేటలో 3,500కి ఈ రోజు ఫ్లాట్ సంగతి సరే, ఒక గది దొరికితే నాకూ చెప్పండి. అంటే దాదాపు మనందరం ఆ చట్టం బయటే ఉన్నాం. బయట ఉన్నవాళ్లకి దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. దొరలు రాసిన చట్టం, అందులో ఫంగస్ అన్న మాటే ఉండదు. అయినా 108వ సెక్షన్‌లో మనకి పనికొచ్చేవి మూడు ఉన్నాయి.

ఒకటి, దాచిన లోపం. ఇంటి వాడకానికి సంబంధించిన పెద్ద లోపం ఓనర్‌కి తెలిసి, కిరాయిదారు మామూలు జాగ్రత్తతో చూసినా కనపడనిదైతే, ముందే చెప్పడం ఓనర్ బాధ్యత. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు బాత్రూమ్ సీలింగ్‌కి మాత్రమే కొత్త రంగు, మిగతా ఇల్లంతా పాత రంగు ఉంటే ఎందుకని అడగండి.

రెండు, మరమ్మతు. ఓనర్ చేయాల్సిన రిపేరుని, నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయకపోతే, కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చుని వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. వినడానికి బలంగా ఉంది. కానీ బీకాం చదివిన అలవాటుకొద్దీ నేను ఇలాంటి వాక్యాల్లో షరతులు వెతుకుతాను. ఇందులో రెండు షరతులున్నాయి. రిపేరు "ఓనర్ చేయాల్సినది" అయి ఉండాలి, నోటీసు ఇచ్చి ఉండాలి. ఏది ఓనర్ చేయాల్సినదో ఈ చట్టం జాబితా ఇవ్వదు, మన అగ్రిమెంట్ వైపు చూపిస్తుంది. జిరాక్స్ షాపులో పేర్లు మార్చి ప్రింట్ తీసే ఆ 11 నెలల కాగితంలో ఏముందో ఎంతమందిమి చదివాం? కొన్నింట్లో అన్ని రిపేర్లూ కిరాయిదారువే అని ఒక లైను ఉంటుంది. ఆ ఒక్క లైను చాలు ఈ హక్కు చేజారడానికి.

మూడోది మన బాధ్యత. ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగివ్వాలి, వాడకంతో సహజంగా వచ్చే అరుగుదల తప్ప. మన వల్ల వచ్చిన లోపమైతే, నోటీసు అందిన మూడు నెలల్లో మనమే బాగు చేయించాలి.

కేంద్రం 2021లో తెచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ దీన్ని ఇంకా తేటగా విడదీసింది. గోడలు, స్లాబ్ లాంటి నిర్మాణ మరమ్మతులు, సున్నం, అవసరమైతే పైపులు మార్చడం ఓనర్ లెక్కలో. కాలువ శుభ్రం, నల్లా వాషర్లు, గీజర్ రిపేర్లు కిరాయిదారు లెక్కలో. ఓనర్ చేయకపోతే కిరాయిదారు చేయించి మినహాయించుకోవచ్చు, కానీ ఏ నెలలోనూ సగం కిరాయికి మించకూడదు. నెలకి 12,000 కిరాయి అయితే, 15,000 పనిని మూడు నెలల్లో రాబట్టుకోవాలి. బాగుంది కదా? చిక్కేమిటంటే ఇది నమూనా చట్టం. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే పనిచేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, ఉత్తరప్రదేశ్, అస్సాం తమ చట్టాలని ఈ దారిలో మార్చుకున్నాయని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. ఆ జాబితాలో తెలంగాణ లేదు. కాబట్టి "కొత్త రెంట్ చట్టం దేశమంతా వచ్చేసింది" అనే వాట్సాప్ ఫార్వర్డు పట్టుకుని హైదరాబాద్‌లో ఓనర్ దగ్గరికి వెళ్లకండి. అయితే ఆ విభజనని మీ అగ్రిమెంట్‌లో రాసుకోవడానికి ఏ అడ్డూ లేదు. రెండు వైపులా సంతకం పడితే అదే మీ చట్టం.

చట్టం ఏదైనా, అసలు తేలాల్సింది ఒక్కటే: ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి? ఇది తెలిస్తే సగం తగువు తీరుతుంది.

సీలింగ్ మీద గోధుమరంగు వలయంలాంటి మరక, మధ్యలో పెచ్చు ఉబ్బి ఉంటే చాలావరకు పై ఇంటి లీకు. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని కిందికి దింపి, ఆ గుంతలో పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి పైన టైల్స్ పరుస్తారు. ఆ గుంతకి వాటర్‌ప్రూఫింగ్ సరిగా చేయకపోతే, టైల్స్ మధ్య సిమెంటు పోతే, నీళ్లు లోపల చెరువులా నిలుస్తాయి. అక్కడి నుంచి కింది సీలింగ్‌కి, పక్క బెడ్రూమ్ గోడకి పాకుతాయి. గోడ అడుగున, నేలకి జానెడు ఎత్తులోనే చెమ్మ ఉంటే మన బాత్రూమ్ గుంత, లేదా గోడలో పైపు అనుమానించాలి. అలా కాకుండా సీలింగ్ అంతా, తలుపు వెనక, గీజర్ పైన సన్న చుక్కలు చల్లినట్టు ఉంటే అది వేడినీళ్ల ఆవిరి చల్లటి గోడకి తగిలి నీరవడం. దానికి మందు గాలి.

ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. మచ్చ ఉన్న చోట తుడిచి, పైతడి ఆరాక, జానెడు అల్యూమినియం ఫాయిల్ నాలుగు వైపులా టేపుతో గాలి దూరకుండా అంటించండి. రెండు రోజులు వదిలి తీయండి. గోడ వైపు తడి ఉంటే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి. బయటి వైపు తడి ఉంటే గదిలో ఆవిరి. కోర్టు సాక్ష్యమేం కాదు, కానీ ఓనర్ ముందు చేసి చూపిస్తే "మీ నీళ్లే" అన్న మాట అక్కడే ఆగుతుంది.

గోడలోంచి వస్తే అది ఓనర్ పని, రంగుతో పోదు. ఆవిరి అయితే? ఇక్కడ మనం మన వైపు కూడా చూసుకోవాలి. పర్దా కోసమని, దోమల కోసమని వెంటిలేటర్‌కి అట్టముక్కో ప్లాస్టిక్ కవరో కట్టేస్తాం. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే కరెంటు బిల్లు అని ఆపేస్తాం. తడి బట్టలు బాత్రూమ్‌లోనే ఆరేస్తాం. ఇవి కిరాయిదారు సరిచేసుకోవాల్సినవి, ఓనర్ మీద వేయడం న్యాయం కాదు. వెంటిలేటర్‌కి కిందికి వాలిన అద్దం పలకలు, వెనక జాలీ పెడితే పర్దా ఉంటుంది, గాలీ ఆడుతుంది. కానీ అసలు వెంటిలేటరే లేకుండా, లేదా పైకప్పు మూసేసిన షాఫ్ట్‌లోకి తెరిచి కట్టిన బాత్రూమ్ అయితే కిరాయిదారు ఎంత తుడిచినా లాభం లేదు. రాచ్‌డేల్‌లో కరోనర్ చెప్పింది అదే.

కడిగేటప్పుడు ఒక జాగ్రత్త. మన ఇళ్లలో బాత్రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ రెండూ ఉంటాయి. రెండూ కలిపితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఏదో ఒకటే వాడండి, తలుపు తెరిచి, ముక్కుకి మాస్క్ కట్టుకుని. ఆస్తమా ఉన్నవాళ్లని, పసిపిల్లల్ని ఆ పక్కకి రానివ్వకండి.

ఇంత తెలిసినా మనవాళ్లు ఎందుకు నోరెత్తరు? ఎందుకంటే భయం. ఏ గడువూ రాసుకోని నెలవారీ కిరాయిని 15 రోజుల నోటీసుతో ముగించొచ్చని అదే 1882 చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. ఖాళీ చేస్తే ఎక్కడికి వెళ్తాం? ఊళ్లో చాలా కాలనీల్లో పేరు వినగానే "ఇల్లు ఇప్పుడే అయిపోయింది" అంటారు. ఈ అనుభవం లేని ముస్లిం కుటుంబం నాకు ఇంతవరకు తగల్లేదు. అందుకే అందరం అవే నాలుగు మొహల్లాల్లో వెతుక్కుంటాం, అక్కడ ఓనర్ చెప్పిందే రేటు, చెప్పిందే మాట. దొరికిన ఇల్లు పోగొట్టుకోవడం కన్నా నల్లగోడతో సర్దుకుపోవడం నయం అనిపిస్తుంది. మా అమ్మీ సిగ్గు వెనక ఉన్నదీ ఇదే అనుకుంటాను.

అయితే ఈ మౌనానికి కూడా బిల్లు వస్తుంది, ఖాళీ చేసే రోజున. పెయింటింగ్ పేరుతో ఒక నెల కిరాయి అడ్వాన్సులోంచి కోసుకోవడం హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో మామూలు. నల్లబడిన బాత్రూమ్ చూపించి ఇంకొంత కోస్తారు. ఆ లీకు గురించి మీరు రెండేళ్ల కింద చెప్పారని రుజువేది? ఫోన్‌లో చెప్పాం, మెట్ల మీద కనపడితే చెప్పాం. రాతలో లేనిది చెప్పనట్టే. కాబట్టి ఇంట్లో చేరిన రోజే బాత్రూమ్ ఫోటోలు, వీడియో తీసి ఓనర్‌కే వాట్సాప్ చేయండి. మచ్చ వచ్చిన వారంలోనే తేదీతో, ఫోటోతో మర్యాదగా ఒక మెసేజ్ పెట్టండి. "భాయీసాబ్, బాత్రూమ్ సీలింగ్‌లో లీకు కనపడుతోంది, ప్లంబర్‌ని పంపగలరు" అంటే చాలు, బెదిరింపులు అక్కర్లేదు. పదిహేను రోజులకి ఇంకోటి. అప్పటికీ కదలకపోతే వకీలు నోటీసు. మాటతో తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లొచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, అందుకే దరఖాస్తు అమ్మీ పేరునో చెల్లి పేరునో పెట్టడం తెలివైన పని.

ఓనర్ల వైపు కూడా ఒక మాట. మన మొహల్లాల్లో ఓనర్లంతా సేఠ్‌లు కారు. గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు కష్టపడి కొన్న ఒకే ఫ్లాట్ కిరాయి మీద బతికే ముసలి జంటలు, బేవా ఆడవాళ్లు ఉన్నారు. పై ఫ్లాట్ వేరే వాళ్లది అయినప్పుడు కింది ఓనర్ కూడా బాధితుడే. అప్పుడు తగువు అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో తేలాలి, ఇద్దరు ఓనర్ల మధ్య. కిరాయిదారుని మెట్లెక్కించి పైవాళ్లతో కొట్లాడుకోమనడం సరికాదు. బిల్డింగ్ కొత్తదై, రెరాలో నమోదైన ప్రాజెక్టు అయితే, అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా బాగు చేయాలని 2016 రెరా చట్టం 14వ సెక్షన్ అంటోంది. ఇది ఓనర్ వాడుకోవాల్సిన హక్కు. ఐదేళ్లు దాటాక గుర్తొస్తే లాభం లేదు.

ఇక మనవాళ్లు తరచూ అడిగే దీని మాట. ఇజారా, అంటే కిరాయి ఒప్పందంలో, వస్తువు వాడకానికి పనికొచ్చేలా నిలబెట్టే పెద్ద మరమ్మతులు యజమానివి, వాటిని కిరాయిదారు మీద షరతుగా కూడా పెట్టకూడదని ఇస్లామీ ఫైనాన్స్ సంస్థలు పాటించే అయోఫీ షరియా ప్రమాణాల్లో తొమ్మిదోది చెబుతుంది. కిరాయిదారు చేతిలో ఇల్లు అమానత్, నిర్లక్ష్యం చేస్తేనే అతని మీదికి వస్తుంది. "అన్ని రిపేర్లూ కిరాయిదారువే" అని రాయించుకునే మన ఓనర్ సాబ్‌లు ఈ లైనుని ఎవరైనా ఆలిమ్‌కి చూపించి అడిగితే బాగుంటుంది.

మా ఇంట్లో లెక్క ఇంకా తేలలేదు. పైవాళ్లు ట్రాప్ బాగు చేయించారు, సీలింగ్ ఆరుతోంది. రెండుసార్లు వేయించిన రంగు డబ్బుల సంగతి ఎత్తితే ఓనర్ సాబ్ కాసేపు గడ్డం నిమురుకుని, "వచ్చే నెల కిరాయిలో చూసుకుందాంలే" అన్నారు. అదే మాట వాట్సాప్‌లో పెట్టమని అడిగాను. అమ్మీ నన్ను కోపంగా చూసింది. ఆయన మాత్రం పెట్టారు.